బస్సులో ఉన్నవాళ్ళు ఏమయ్యారు?

మొన్న మధ్యాహ్నం అమీర్‌పేటలో మెట్రో ఎక్కాను. దిగాల్సింది పక్క స్టేషను పంజాగుట్టలోనే. తలుపులు మూసుకోగానే ఏసీ చల్లదనం మెడ వెనక తగిలింది. దాంతోపాటే నీలగిరి తైలం వాసన వచ్చింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఒకరు చేతిరుమాలు మీద రెండు చుక్కలు వేసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. రెండు నిమిషాల ప్రయాణం. ఆ రెండు నిమిషాలూ నేను రైల్లో లేను. సినిమా హాలు చీకట్లో, ముందు వరసలో, తెరకు వీపు పెట్టి కూర్చున్న ఎస్తేరమ్మ గారి పక్కన ఉన్నాను.

తెరకు వీపు పెట్టి అని పొరపాటున రాయలేదు. ఆవిడ సినిమా చూసే పద్ధతిలో సగం అదే. ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం కూడా అదే. అంతకు ముందు రోజు ఒక పత్రిక సంపాదకుడు నాకు ఫోన్ చేశాడు. కొత్తగా వచ్చిన సూపర్‌హీరో సినిమా ఒకటి జనంలో మూఢభక్తిని ఎలా పెంచుతోందో సాయంత్రంలోగా ఘాటుగా రాసివ్వమన్నాడు. "చూసే టైం లేకుంటే ట్రైలర్ చాలు మేడం, మీకు తెలియనిదేముంది" అన్నాడు. మూడు రోజులు కావాలన్నాను. ఎందుకన్నాడు. రెండుసార్లు చూడాలి అన్నాను. ఇరవై నాలుగేళ్ళ వయసులో అయితే ఆ సాయంత్రానికే రాసిచ్చేదాన్ని. ఒకసారి అలాగే రాశాను కూడా. ఆ కథే ఇది.

నేను దేవుణ్ణి నమ్మని మనిషిని. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. మాది నేత పనివాళ్ళ ఊరు. మగ్గాలు ఆగిపోయాక నాన్న బోరబండకొచ్చి కుట్టుమిషను పెట్టుకున్నాడు. మా చెల్లికి మూర్ఛ వచ్చేది. దాన్ని ఎత్తుకుని మా అమ్మ ఎక్కని గుడి లేదు, వెళ్ళని దర్గా లేదు, కూర్చోని స్వస్థత కూటం లేదు. ఎనిమిదేళ్ళ తర్వాత ఎర్రగడ్డలో ఒక డాక్టరు రాసిచ్చిన తెల్లమాత్రతో ఆ మూర్ఛలు ఆగాయి. ఎనిమిదేళ్ళపాటు నా చెల్లి పళ్ళు బిగించి నేల మీద కొట్టుకుంటుంటే చేతులు జోడించి చూసిన వాళ్ళెవరినీ నేను క్షమించలేదు. పంజాగుట్టలో ఒక చిన్న హాల్లో నెలకోసారి హేతువాదుల సమావేశం జరిగేది. అక్కడే చర్చ ఎలా చేయాలో, ఎదుటివాడి వాదాన్ని ఎక్కడ పట్టుకుని చీల్చాలో నేర్చుకున్నాను. మాటకు చప్పట్లు వస్తాయని కూడా అక్కడే తెలిసింది. అది అంత మంచి చదువు కాదని తర్వాత అర్థమైంది.

పొట్ట గడవడానికి మాత్రం అమీర్‌పేటలో, కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఒకదాని మీద ఒకటి వేలాడే సందులో, యాదగిరన్న నడిపే డీటీపీ సెంటర్లో టైపు చేసేదాన్ని. పెళ్ళి పత్రికలు, ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, కరపత్రాలు. నెలకోసారి ఒక చర్చి వాళ్ళ కుటుంబ పత్రిక. అందులో చివరి పేజీ ఎస్తేరమ్మ గారిది. పేజీ పేరు 'ఇంటిల్లిపాదీ చూడొచ్చా?' కొత్తగా వచ్చిన సినిమాకు విశ్వాసుల కుటుంబాలు పిల్లల్ని తీసుకెళ్ళవచ్చో లేదో అందులో రాసేవారు. ఆవిడ గుంటూరు వైపు మనిషి. బోరబండలో ఒక బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరై, ఎస్.ఆర్. నగర్‌లో అమ్మాయిల హాస్టళ్ళ మధ్య రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. భర్త పోయారు, పిల్లలు లేరు. ఎత్తయిన మనిషి. తెల్ల నూలుచీర, నల్ల గొడుగు, భుజానికి గుడ్డసంచి. ఏసీ పడేది కాదు కాబట్టి సంచిలో ఎప్పుడూ నీలగిరి తైలం సీసా.

మొదటిసారి ఆవిడ చేతిరాత కాగితాలు నా ముందు పెట్టినప్పుడు, నాలో చర్చావేదిక నిద్ర లేచింది. "సినిమా చూస్తే సుత పాపం తగుల్తదా టీచరమ్మా?" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "పాపం సంగతి పైనాయన చూసుకుంటాడులే. మా సంఘం పిల్లలకి నిద్ర పడుతుందా లేదా అన్నంత వరకే నా డ్యూటీ."

"మరి దేవుడు, సైతాను అనే రాసుంటరు గద?"

"నువ్వు చదివావా, ఊహించావా?"

అప్పటిదాకా చదవలేదు. అక్కడికక్కడే చదివాను. రెండు పేజీల్లో ఎక్కడా నరకం లేదు. 'ఇంటర్వెల్ తర్వాత పది నిమిషాలు కత్తిపోట్లు దగ్గరగా చూపించారు. చిన్నపిల్లలు ఉంటే ఆ సమయంలో బయటికి తీసుకురండి. తండ్రి కొడుకును కొట్టే సన్నివేశాన్ని హాస్యంగా తీశారు. దానికి హాల్లో పెద్దలు నవ్వారు, పిల్లలు నవ్వలేదు.' అలా ఉంది రాత. లెక్కల టీచరు రాసిన రాత. చివరి వాక్యం దగ్గర నా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. పిల్లలు నవ్వలేదని ఈవిడకెలా తెలుసు?

ఆ ప్రశ్నే అడిగితే, "శనివారం మ్యాటినీకి రా, చూపిస్తా" అన్నారు. వెనకనుంచి యాదగిరన్న, "పో భారతీ, జర పుణ్యమన్నా వస్తది" అని నవ్వాడు. నేను పుణ్యానికి కాదు, కొట్టిపారేయడానికి వెళ్ళాను.

పంజాగుట్టలో మాల్ పై అంతస్తులో హాలు. ముందు వరసలో ఓ చివర, ఎవరూ కోరుకోని సీటు ఆవిడది. పక్కన నాకొకటి. లైట్లు ఆరగానే సీట్లో పక్కకు తిరిగి, వీపు తెర వైపు పెట్టి, మొహం జనం వైపు పెట్టి కూర్చున్నారు. ఒళ్ళో రూళ్ళ నోటుబుక్కు, చేతిలో కొసకు చిన్న దీపం వెలిగే పెన్ను. పది నిమిషాలకు టార్చి పట్టుకుని హాలు కుర్రాడొకడు వచ్చాడు. ఎవరో పైరసీ అనుకుని ఫిర్యాదు చేసినట్టున్నారు.

"మేడం, సినిమా గటు దిక్కున్నది" అన్నాడు మర్యాదగా.

"తెలుసు నాయనా. అది నిన్న చూసేశాను."

"మరి ఇయ్యాల ఏం చూస్తున్రు?"

"వీళ్ళని."

వాడు టార్చి ఆర్పి, వెళ్ళిపోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నేను కూడా తెర వదిలేసి అటు తిరిగాను. అంతవరకూ నేను ఎన్నో సినిమాలు చూశాను. సినిమా చూసే జనాన్ని ఎప్పుడూ చూడలేదు. తెర మీద వెలుగు మారినప్పుడల్లా వందల మొహాలు ఒక్కసారిగా నీలంగా, ఎర్రగా మారుతున్నాయి. భయపడిన పిల్లలు కళ్ళు మూసుకోరని ఆ రోజు తెలిసింది. మొదట పక్కనున్న పెద్దవాళ్ళ మొహం చూస్తారు. వాళ్ళు నవ్వుతుంటే వీళ్ళూ నవ్వడానికి ప్రయత్నిస్తారు. ఆ ప్రయత్నం చూడ్డానికి బాగుండదు. ఎస్తేరమ్మ గారు ఆ మొహాల మీదినుంచి చూపు తిప్పకుండా రాసుకుంటూ పోయారు.

బయటికొచ్చాక బస్టాపులో నిలబడి ఈ పద్ధతి ఎలా మొదలైందో చెప్పారు. ఎన్నో ఏళ్ళ కిందట, ఆకాశంలో ఎగిరే వీరుడి సినిమా ఒకటి వస్తే, మధ్య వరసలో హాయిగా కూర్చుని చూసి, 'ఒక్క చెడ్డ మాట లేదు, ఒక్క అసభ్య దృశ్యం లేదు, పిల్లలతో తప్పక వెళ్ళండి' అని రాశారట. వారం తిరక్కుండానే ఆవిడ సండేస్కూలు పిల్ల ఒకతె, తొమ్మిదేళ్ళది, బోరబండలో తల్లి చున్నీ మెడకు కట్టుకుని మొదటి అంతస్తు పిట్టగోడ మీదినుంచి దూకింది. మోచేయి నలిగిపోయింది. ఆ చేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేదు.

"వాళ్ళమ్మ ఒక్క మాట అన్లేదు నన్ను. పత్రికలో ఆ పేజీ మడిచి తెచ్చుకుంది. 'మీరు మంచిగున్నదన్నరని తోల్కపోయినం టీచరమ్మా' అంది, అంతే. ఇంటికెళ్ళి ఆలోచించుకున్నాను. చెడ్డమాటలు లెక్కపెట్టాను గానీ, అంతే వయసు పిల్ల ఒకతె ఆ రోజు నా ముందు వరసలోనే కూర్చుని రెండు చేతులూ చాపి ఊగుతుంటే ముద్దొచ్చిందనుకున్నాను. చూశాను భారతీ. చూసి కూడా చూడలేదు."

అప్పటినుంచి ప్రతి సినిమా రెండుసార్లు. ఒకసారి తెర, ఒకసారి పిల్లలు. రెండోది చూడకుండా ఒక్క అక్షరం రాయరు. పత్రిక ఆలస్యమైతే ఆ నెల పేజీ వదులుకునేవారు. ఇది ఏ శాస్త్రజ్ఞుడి పద్ధతికీ తక్కువ కాదని నాకు అనిపించింది. ఆ మాట పైకి అనడానికి మాత్రం నా అహం ఒప్పుకోలేదు.

ఆవిడ చెప్పినవన్నీ నాకు నచ్చాయని కాదు. దయ్యాల సినిమాలంటే ఆవిడకు అసలు పడదు. పిల్లలు జడుసుకుంటారని అయితే ఒప్పుకునేదాన్ని. దురాత్మలు నిజంగా ఉన్నాయి కాబట్టి వాటితో ఆటలొద్దు అనేవారు. ఆ విషయంలో మేమిద్దరం యాదగిరన్న టీ చల్లారిపోయేదాకా కొట్లాడుకునేవాళ్ళం. నా చెల్లి సంగతి చెప్పి, దురాత్మ అన్న మాటే దాన్ని ఎనిమిదేళ్ళు నేల మీద పడేసిందన్నాను. ఆవిడ టీ గ్లాసు పక్కన పెట్టారు. "ఆ పిల్ల విషయంలో మావాళ్ళు తప్పు చేశారు" అన్నారు చివరికి. దురాత్మలు లేవని మాత్రం అనలేదు. నాకోసం ప్రార్థన చేస్తానన్నారొకసారి. నాకు ఇష్టం లేదని గట్టిగానే చెప్పాను. "అయితే నీకు తెలియకుండా చేసుకుంటాలే" అన్నారు. అంతకుమించి మా మధ్య మతమార్పిడి ప్రయత్నాలు రెండు వైపులా జరగలేదు.

అలాంటి రోజుల్లో ఆ సినిమా వచ్చింది. పేరు చెప్పను, అది ఇక్కడ అనవసరం. కథానాయకుడు ఒక కరెంటు లైన్‌మన్. పిడుగు పడి చచ్చి బతుకుతాడు. మెరుపును ఒంట్లో దాచుకోగల శక్తి వస్తుంది. ట్రైలర్ చివర్లో ఒక దృశ్యం ఉంది. అతను కరెంటు స్తంభం మీద, అడ్డకమ్మీ పొడవునా రెండు చేతులూ చాపి, తల వాల్చి వేలాడుతుంటాడు. తర్వాత కళ్ళు తెరుస్తాడు. కింద వీధంతా మోకాళ్ళ మీద పడి చేతులు జోడిస్తుంది.

ఆ దృశ్యం అందరి ఫోన్లలోకీ పాకింది. ఎస్తేరమ్మ గారి సంఘంలో పాస్టరు గారు ఆదివారం ప్రసంగంలోనే, సిలువను కరెంటు స్తంభం చేసి అపహాస్యం చేసిన ఈ సినిమాకు విశ్వాసులెవరూ వెళ్ళకూడదని ప్రకటించారు. అదే ఆదివారం సాయంత్రం, అక్కడికి కిలోమీటరు దూరంలో, పంజాగుట్టలో మా హేతువాదుల సమావేశంలో నేను లేచి అదే సినిమాను చీల్చి చెండాడాను. కష్టపడి పనిచేసే ఒక కార్మికుణ్ణి కూడా దేవుణ్ణి చేసి మొక్కిస్తే తప్ప వీళ్ళకు తృప్తి లేదని, జనాన్ని మోకాళ్ళ మీద నిలబెట్టడమే ఈ సినిమా సారాంశమని అన్నాను. చప్పట్లు మోగాయి. మర్నాడు పొద్దున్నే దాన్ని మా హేతువాద మాసపత్రికకు వ్యాసంగా టైపు చేసి, ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను.

మధ్యాహ్నం ఎస్తేరమ్మ గారు వచ్చారు. గొడుగు మూసి, కుర్చీలో కూర్చుని, ఆ ప్రింటు తీసి మొదటినుంచి చివరిదాకా చదివారు. టీచరు కదా, పెన్నుతో ఒకచోట అక్షరదోషం కూడా దిద్దారు.

"బాగా రాశావు. పదునుగా ఉంది. ఎప్పుడు చూశావు సినిమా?"

"చూడలే. ట్రైలర్ చూసిన."

ఆవిడ కాగితాలు సరిచేసి బల్ల మీద పెట్టారు. "మా పాస్టరు గారూ ట్రైలరే చూశారు."

యాదగిరన్న పకపకా నవ్వాడు. జీవితంలో ఎన్నో చర్చల్లో ఓడిపోయాను. ఐదు మాటలతో ఓడిపోయింది ఆ ఒక్కసారే. సాక్ష్యం లేకుండా దేన్నీ నమ్మకూడదని ఊరూరా చెప్పినదాన్ని నేను. సాక్ష్యం లేకుండా దేన్నీ తిట్టకూడదన్న రెండో సగం నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమేముంది, అది మొదటి సగంలోనే ఉంది.

బుధవారం ఇద్దరం వెళ్ళాం, మధ్య వరసలో కూర్చుని తెర చూశాం. మోకాళ్ళ దృశ్యం ఇంటర్వెల్‌కు ముందు వచ్చింది. ట్రైలర్లో ఎక్కడ కత్తిరించారో దాని తర్వాతి క్షణంలో లైన్‌మన్ స్తంభం దిగి, జనం మీద విరుచుకుపడతాడు. "మొక్కుడు బంద్ జేసి లేవుండ్రి. గా మోకు పట్టుండ్రి, లోపల పిల్లగాడున్నడు" అని అరుస్తాడు. కూలిన గోడ కింద ఒక పిల్లవాడు ఉంటాడు. వీధంతా లేచి తాడు పట్టుకుని లాగుతుంది. అంటే ఆ సినిమా నేను అన్నదానికి సరిగ్గా వ్యతిరేకం చెప్పింది. పాస్టరు గారికి కోపం తెప్పించినదీ, నాకు కోపం తెప్పించినదీ ఒకే అబద్ధం. దాన్ని తయారుచేసింది ట్రైలర్ కత్తిరించినవాడి కత్తెర. నేను పక్కకు చూశాను. ఆవిడ నా వైపు చూడనే లేదు. అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

గురువారం మళ్ళీ వెళ్ళాం. ముందు వరస, చివరి సీట్లు, తెరకు వీపు. ఆఖరి పోరాటంలో దుర్మార్గుడు ఫ్లైఓవర్ పగలగొడతాడు. దాని మీదినుంచి సిటీ బస్సు ఒకటి జారి కింద పడుతుంది. మరుక్షణమే హీరో, "నీ కరెంటు బిల్లు నేను కడతా" అని ఏదో జోకు వేస్తాడు. బుధవారం ఆ జోకుకు నేనూ నవ్వాను. గురువారం ఆ చోటికి వచ్చేసరికి హాలంతా నవ్వుతుండగా, మూడో వరసలో నాలుగైదేళ్ళ పాప ఒకతె తల్లి చేయి పట్టి లాగింది. నవ్వు తగ్గిన సందులో ఆ మాట మాకు స్పష్టంగా వినబడింది.

"అమ్మా, బస్సులున్నోళ్ళు ఏమైన్రు?"

"ఏం గాలే బిడ్డా. చూడు, హీరో వచ్చిండు."

పాప తెర వైపు చూడలేదు. తల్లి మొహమే చూస్తూ ఉంది. ఎస్తేరమ్మ గారి పెన్ను ఆగింది. తర్వాత ఆవిడ ఏమీ రాసుకోలేదు. సినిమా అయ్యేదాకా ఆ పాపనే చూశారు.

ఆ నెల పేజీ నాకు దాదాపు కంఠతా వచ్చు. 'ఈ చిత్రంలో రక్షకుణ్ణి అపహాస్యం చేశారని నాకు అనిపించలేదు. మొక్కవద్దని, సాటిమనిషిని లాగమని కథానాయకుడు చెప్పాడు. ఆ మాట మన పిల్లలు వినడం మంచిదే. నా బెంగ వేరే. చివరలో ఒక బస్సు కింద పడింది. అందులో ఎవరున్నారో, బతికారో లేదో కథ చెప్పలేదు, వెంటనే మనల్ని నవ్వించింది. పన్నెండేళ్ళు దాటిన పిల్లలతో వెళ్ళవచ్చు. చిన్నవాళ్ళను తీసుకెళ్ళవద్దు. ఇంటికొచ్చాక భోజనాల దగ్గర పిల్లల్ని ఒక్క ప్రశ్న అడగండి. బస్సులో ఉన్నవాళ్ళు ఏమయ్యారు?'

ప్రూఫు చూడడానికి పాస్టరు గారే స్వయంగా వచ్చారు. ఆయన్ను దుర్మార్గుడిగా చూపించడం నాకు తేలికే గానీ అది అబద్ధమవుతుంది. నెమ్మదైన మనిషి. ఎస్తేరమ్మ గారి భర్త ఆసుపత్రిలో ఉన్న మూడు వారాలూ రోజూ క్యారియర్ తెచ్చిచ్చింది ఆయనే. ఆ సంగతి ఆవిడే చెప్పారు. అందుకే ఆ రోజు మాట్లాడడం ఇద్దరికీ కష్టమైంది.

"టీచర్ గారూ, నేను ఆదివారం వెళ్ళొద్దన్నాను. నెలాఖరుకు మన పత్రికే వెళ్ళొచ్చంటే సంఘం ఏమనుకుంటుంది? చూడరాదు అని ఒక్క మాట చేర్చండి. మిగతాదంతా మీ ఇష్టం."

"నాకు అలా అనిపించలేదుగా అండీ, ఎలా రాయను?"

"నాకు అనిపించింది."

"అయితే మీరు మీ పేరుతో రాయండి. నా పేజీ సగం ఇస్తాను. కాకపోతే ముందోసారి చూసిరండి. నేను కూడా వస్తాను కావాలంటే."

"హాలు గడప తొక్కి ముప్పై ఏళ్ళయింది. ప్రభువును నమ్మి రక్షణ పొందిన రోజు మానేశాను. ఆ తీర్మానం తప్పలేను."

"తప్పొద్దండీ. చాలా మంచి తీర్మానం. తినని కూరలో ఉప్పు ఎక్కువైందని మాత్రం అనకండి."

యాదగిరన్న మానిటర్ వెనక్కి తల దించుకున్నాడు. పాస్టరు గారు చాలాసేపు ఆ ప్రూఫు వైపే చూశారు. ఆవిడకు ఆ పేజీ ఏమిటో ఆయనకు తెలుసు. రిటైరయ్యాక, భర్త పోయాక, ఆవిడ వారమంతా ఆ ఒక్క పని చుట్టూనే తిరిగేది. ఒక్క మాట రాస్తే ఉంటుంది. ఆ ఒక్క మాట ఆవిడ సినిమాలో చూడని మాట. మేం ముగ్గురం ఆవిడ చేతిలోని పెన్ను వైపే చూస్తున్నాం.

ఆవిడ పెన్ను మూత పెట్టి సంచిలో వేసుకున్నారు.

"అయితే ఇక పేజీ ఆపేద్దాం టీచర్ గారూ" అన్నారు పాస్టరు గారు, నేల వైపు చూస్తూ.

"సరేనండీ. ఆ చోట ఏం వేస్తారు?"

"ప్రార్థన విన్నపాలు వేద్దామా?"

"వేయండి." నా వైపు తిరిగారు. "అక్షరాలు పెద్దవి పెట్టమ్మా. పెద్దవాళ్ళు చదువుకుంటారు."

ప్రూఫు నాలుగు మడతలు పెట్టుకుని, గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేను ఆ ప్రార్థన విన్నపాలు టైపు చేస్తూ ఏడ్చాను. ప్రార్థనల మీద నేను కన్నీరు పెట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇక నా వ్యాసం మిగిలింది. అది అచ్చుకు వెళ్ళడానికి ఇంకా రెండు రోజులుంది. పంపిస్తే ఎవరికీ తెలియదు. మా వాళ్ళలో ఆ సినిమా చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ రెండు రోజులూ మడిచిన ప్రూఫు నా కళ్ళముందు నిలిచింది. తనకున్న ఒక్క పేజీని ఆవిడ ఒక్క మాట కోసం వదులుకున్నారు. నేను వదులుకోవాల్సింది చప్పట్లే. వ్యాసం పంపలేదు. తర్వాతి సమావేశంలో లేచి, పోయిన నెల నేను చూడని సినిమా గురించి మాట్లాడానని, చూశాక నా ముఖ్యమైన మాట తప్పని తేలిందని చెప్పాను. హాలు గుసగుసలాడింది. "చర్చి పని చేసీ చేసీ మెత్తబడ్డవా చెల్లే?" అని ముందు వరసలోంచి ఒకాయన అన్నాడు. చాలామంది నవ్వారు. జవాబు నోట్లో సిద్ధంగానే ఉంది గానీ, అప్పుడే నీలగిరి తైలం వాసన తగిలింది. చివరి వరసలో, తలుపు పక్కన, గొడుగు ఒళ్ళో పెట్టుకుని ఎస్తేరమ్మ గారు కూర్చుని ఉన్నారు. నా వైపు కాదు, జనం వైపు చూస్తున్నారు. ఎవరు నవ్వుతున్నారో, ఎవరు నవ్వడం లేదో. నేను జవాబు చెప్పకుండా కూర్చున్నాను.

బయట మెట్ల మీద, "ఐదుగురు నవ్వలేదు" అన్నారావిడ. "నీకు ఆ ఐదుగురు చాలు."

పేజీ మళ్ళీ రాలేదు. ఆవిడ సినిమాలు మానలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు విడిచే చోట నిలబడేవారట. తల్లులు చెప్పులు వేసుకునే నెపంతో ఆగి, ఫలానాదానికి పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా టీచరమ్మా అని అడిగేవారట. రెండుసార్లు చూసి ఉంటే చెప్పేవారు, లేకపోతే వచ్చే వారం రమ్మనేవారు. పాస్టరు గారు కొంచెం దూరంలో నిలబడి అందరికీ చేయి కలుపుతూ, ఇటు చూడనట్టే ఉండేవారు. ఆయన మళ్ళీ ఏ సినిమా గురించీ వేదిక మీద మాట్లాడలేదని విన్నాను. దాన్ని నేను ఒక ఒప్పుకోలుగానే తీసుకుంటాను. ఐదేళ్ళ కిందట ఎస్తేరమ్మ గారు పోయారు. సమాధి దగ్గర ప్రార్థన జరుగుతుంటే నేను కళ్ళు మూసుకోలేదు. మూసుకుని ఉంటే, చేయి పూర్తిగా చాపలేని ఒక యువతి ఆ చేత్తోనే మట్టి వేయడం నాకు కనిపించేది కాదు. ఆవిడ నోటుబుక్కులు ఎవరి దగ్గరున్నాయో తెలియదు. నేను అడగలేదు.

నా దగ్గర ఉన్నది ఒక అలవాటు. దేన్నైనా తిట్టేముందు చూశానా అని అడుగుతాను. చూశానని జవాబు వస్తే, ఎటువైపు తిరిగి చూశానని అడుగుతాను. ఈ రెండో ప్రశ్న నాకు ఏ హేతువాదీ నేర్పలేదు, ఒక విశ్వాసి నేర్పారు. ఆ మాట రాయడానికి ఇప్పుడు నా అహం ఒప్పుకుంటోంది.

మొన్న పంజాగుట్టలో దిగి, అదే మాల్ పై అంతస్తుకు వెళ్ళాను. ముందురోజు మధ్య వరసలో కూర్చుని ఆ కొత్త సినిమా చూసేశాను. సంపాదకుడు కోరిన మూఢభక్తి అందులో ఉంది, ఉన్నంత మేరకు రాస్తాను. ఈసారి ముందు వరస, చివరి సీటు. లైట్లు ఆరాక వీపు తెరకు పెట్టి కూర్చున్నాను. నా వెనక తెర మీద ఒక నగరం కూలిపోతోంది. ఎదురుగా వందల మొహాలు నీలంగా, ఎర్రగా మారుతున్నాయి. అందరూ నవ్వారు. నాలుగో వరసలో ఒక పిల్లవాడు నవ్వకుండా తండ్రి మొహంలోకి చూశాడు. తండ్రి తెర నుంచి కళ్ళు తిప్పి, వంగి, వాడి చెవిలో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. పెన్ను తీసి రాసుకున్నాను.